ఇంకా పరిగెత్తాలని ఉండగానే

నా చిన్నప్పుడు నన్ను పరిగెత్తమని ఎవరూ చెప్పక్కర్లేదు, వద్దని చెప్పేవాళ్ళే ఇంటినిండా ఉండేవారు. ఉప్పు తెమ్మని కొట్టుకు పంపితే పరుగు, పక్కింటి అక్కని పిలుచుకు రమ్మంటే పరుగు, ఏ పనీ లేకపోతే వీధి చివరిదాకా ఉత్తినే ఒక పరుగు. ఆడపిల్లవి, కాస్త నిదానంగా నడవడం నేర్చుకోవే అని మా అమ్మ రోజూ మొత్తుకునేది. మా నాయనమ్మ అయితే నా కాళ్ళల్లో చక్రాలున్నాయనీ, ఏనాటికైనా దేశాలు పట్టుకుపోతాననీ తేల్చేసింది. దేశాలేమోగానీ ఆ వయసుకి నేను అనకాపల్లి కూడా సరిగ్గా చూడలేదు.

డెబ్బయ్యో దశకం మొదటి రోజులవి. మేం చోడవరంలో ఉండేవాళ్ళం. మా నాన్న తాలూకా ఆఫీసులో గుమాస్తా. మా సొంతూరు చీడికాడ వెళ్ళే దారిలో, చోడవరానికి నడిచి వెళ్ళగలిగినంత దూరంలోనే ఉండేది. అక్కడ మా పెదనాన్న చెరకూ వరీ చూసుకునేవాడు. చదువుకుని ఉద్యోగంలో పడ్డవాడు మా నాన్న, పొలం మీద ఉండిపోయినవాడు మా పెదనాన్న. అన్నదమ్ములిద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం. ఒకరి మాట ఒకరు వినడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

నేను ఏడో తరగతిలో ఉండగా స్కూల్లో ఆటల పోటీలు పెట్టారు. పరుగు పందెంలో నన్ను సరదాకి నిలబెట్టారు. పదో తరగతి అక్కలందరినీ వెనక వదిలేసి నేను ముందు చేరాను. నాకదేమీ గొప్పగా అనిపించలేదు, ఎందుకంటే వాళ్ళు అంత నెమ్మదిగా ఎందుకు పరిగెడుతున్నారో నాకు అర్థం కాలేదు. మా ఆటల టీచరమ్మ మాత్రం ఆ సాయంత్రమే మా నాన్నని పిలిపించి మాట్లాడింది. తీర్థాల రోజులు, అంటే అమ్మవారి జాతరలు దాటాక తాలూకాల మధ్య పోటీలున్నాయనీ, పిల్లని బాగా తయారు చేస్తే జిల్లాకి వెళుతుందనీ, జిల్లాలో పేరొస్తే రేపు టీచరు ట్రైనింగులో సీటూ, ఆ తర్వాత ఉద్యోగమూ వస్తాయనీ చెప్పింది. అంతవరకూ మా నాన్న నా పరుగు గురించి మంచిగానో చెడ్డగానో ఒక్క మాట అని ఎరగడు. ఉద్యోగం అన్న మాట చెవిన పడేసరికి ఆయనకి ఆ పూట అన్నం సహించలేదు.

మర్నాటి నుంచి నా బతుకు మారిపోయింది. కోడి కుయ్యకముందే లేపేవాడు. పచ్చి గుడ్డు పాలలో కొట్టి ముక్కు మూసి తాగించేవాడు. దర్జీ చేత నాకో నిక్కరు కుట్టించాడు. దాని మీద గౌను వేసుకున్నా సరే, మా వీధిలో వారం పాటు అదే కబురు. నేను ముందు పరుగు, మా నాన్న వెనక సైకిల్ మీద. గోవాడ రోడ్డు పట్టుకుని పోవాలి. నేను ఏ మాత్రం నెమ్మదించినా వెనక నుంచి సైకిల్ బెల్లు మోగేది. చెరకు ఆడే రోజులు కావడంతో ఆ వేళకే గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి వెళ్ళే ఎడ్లబళ్ళు రోడ్డు పొడుగునా ఉండేవి. బళ్ళమీద తూగుతున్నవాళ్ళు ఆ బెల్లుకి ఉలిక్కిపడి లేచి మమ్మల్ని వింతగా చూసేవారు. ఒకాయన ఉండబట్టలేక అడిగేశాడు కూడా.

"ఏటి బాబూ, గుంటని అలగ తరుముతన్నారు? ఏటి సేసింది?"

మా నాన్న చాలా మర్యాదగా, "కోచింగండీ" అన్నాడు. ఆయనకి అర్థమైందో లేదో గానీ జాలిగా ఒక చెరకు ముక్క విరిచి నా చేతికిచ్చాడు. మా నాన్న దాన్ని తీసుకుని క్యారేజీకి పెట్టేశాడు, పరుగయ్యాక తిందువుగాని అని.

మొదట్లో నాకూ ఉత్సాహంగానే ఉండేది. నాన్న నాకోసం అంత పొద్దున్నే లేవడం, అక్కచెల్లెళ్ళకి లేని గుడ్డు నాకు దక్కడం, ఇదంతా గర్వంగానే ఉండేది. కానీ బూరెలంటే ఎంత ఇష్టమైనా గొంతుదాకా తిన్నాక కూడా ఇంకోటి, ఇంకోటి అని నోట్లో కుక్కితే ఏమవుతుంది? మా నాన్న 'ఇవాళ్టికి చాలు' అనేవాడు కాదు. గోవాడ దాకా వెళితే అక్కడి నుంచి ఇంకాస్త అనేవాడు. తిరిగొస్తూ స్కూలు దగ్గరికొచ్చాక గ్రౌండు చుట్టూ ఇంకొక్కసారి అనేవాడు. కాళ్ళు తడబడి కింద కూర్చుంటే తప్ప ఆ రోజు పరుగు పూర్తయినట్టు కాదు.

రానురాను పొద్దున్న మెలకువ రావడంతోనే కడుపులో నొప్పి మొదలయ్యేది. బడి ఎగ్గొట్టే పిల్లల కడుపునొప్పి కాదది, నిజం నొప్పి. అమ్మ వాము నమిలించింది. కాంపౌండరు గారు సీసాలో ఎర్ర మందు పోసిచ్చారు. తెల్లవారి, ఎండెక్కి, ఇంక పరుగుకి టైం దాటిపోయిందని తెలిశాక నొప్పి దానంతటదే పోయేది. అందువల్ల నాన్న దాన్ని నమ్మలేదు. నమ్మలేదంటే తిట్టాడని కాదు. నువ్వు బయల్దేరమ్మా, పరిగెడితే అదే సర్దుకుంటుంది అనేవాడు.

ఒకరోజు గోవాడ దారిలో కల్వర్టు దగ్గరికొచ్చేసరికి కాళ్ళు ఆగిపోయాయి. నేను ఆపలేదు, అవే ఆగిపోయాయి. వెళ్ళి కల్వర్టు గట్టు మీద కూర్చున్నాను. నాన్న బెల్లు కొట్టాడు. తర్వాత సైకిల్ దిగి బతిమాలాడు. తర్వాత కోప్పడ్డాడు. నేను లేవలేదు. చివరికి నన్ను వెనక ఎక్కించుకుని, ఇంటిదాకా ఒక్కసారి కూడా బెల్లు కొట్టకుండా తొక్కాడు. ఆయన వీపు చూస్తూ కూర్చున్న నాకు ఏడుపొచ్చింది. అది నాన్నకి కోపమొచ్చినందుకు వచ్చిన ఏడుపు కాదు. ఆ రోజుల్లో ఇంట్లో పుస్తకాలు అక్కవి, గౌన్లు అక్కవి, పలక కూడా అక్కదే. నాకంటూ ఉన్నది ఆ పరుగొక్కటే. అది కూడా నాది కాకుండా పోయిందని ఏడుపు. ఇంక జన్మలో పరిగెత్తనని ఆ సైకిల్ మీదే అనుకున్నాను. ఆ తర్వాత వీధి చివరి కొట్టుకి కూడా నడిచే వెళ్ళాను. మా అమ్మ అది చూసి, మెల్లగా నడవవే అని అనడం మానేసింది. ఆ మాట వినపడని లోటు ఇంట్లో అందరికీ తెలిసింది.

ఆ ఆదివారం మా పెదనాన్న కొత్త బెల్లం పట్టుకుని వచ్చాడు. ఆయన సంగతి కొంచెం చెప్పాలి. మా పెదనాన్న మహా షోకిలా. మీసానికి నూనె రాయందే గుమ్మం దాటేవాడు కాదు. పేకాటలో ఓడినా ముక్కలు సరిగ్గా కలపలేదంటాడే తప్ప ఓడానని ఒప్పుకోడు. మా వైపు ఊళ్ళలో అమ్మవారి తీర్థాలకి గుర్రప్పందాలు పెట్టడం ఆనవాయితీ. అందుకోసం ఊరికి ఒకరో ఇద్దరో రైతులు గుర్రాన్ని పెంచేవారు. దాన్ని బండికి కట్టరు, పొలం పనికి వాడరు. ఏడాదంతా ఉలవలు పెట్టి మేపడం, తీర్థం నాడు పరిగెత్తించి మీసం మెలెయ్యడం. మా పెదనాన్నకి ఆ పిచ్చి ఉంది. ఆయన పాత గుర్రం కాలు దెబ్బతిని రెండు మూడు తీర్థాలుగా పాకలోనే ఉండిపోయిందని మాకందరికీ తెలుసు. అందుకని ఆ ఏడు ఒక కొత్త గుర్రాన్ని కొన్నాడు.

వంటింట్లో అమ్మ ఆయనకి నా సంగతంతా చెప్పినట్టుంది. ఆయన నన్నేమీ అడగలేదు. భోజనం దగ్గర మా నాన్నతో గుర్రం కబుర్లు మొదలెట్టాడు.

"కొత్తది ఒంటిగా పరిగెత్తనంతందిరా. పక్కన మనిసుండాలంట దానికి. నాను దాంతో పరిగెడితే తీర్థానికి ముందే నా దినాలవుతాయి. తీర్థం దాకా మీ గుంటని నాకియ్యి."

పోటీలు దగ్గరికొస్తుంటే ఇప్పుడు కుదరదని నాన్న అన్నాడు.

"అందుకేరా సెప్తన్నాను. గుర్రంతో పరిగెత్తిన పిల్ల రేపు మనుసులతో పరిగెత్తలేదేటి?"

ఆ మాటకి మా నాన్న పడిపోయాడు. నేను మాత్రం, ఇన్నాళ్ళూ వెనక సైకిల్, ఇప్పుడు పక్కన గుర్రం అనుకుంటూ బట్టలు సర్దుకున్నాను.

పెదనాన్న ఇంట్లో మొదటిరోజు పొద్దున్న కూడా కడుపులో నొప్పితోనే లేచాను. పెదనాన్న గుర్రం తాడు నా చేతికిచ్చి, నువ్వేం పరిగెత్తక్కర్లేదు, పొలం దాకా తీసుకెళ్ళి తీసుకొచ్చెయ్ అన్నాడు. అంతేనా అని అడిగాను. అంతే అన్నాడు. కోతలయిపోయిన వరి మళ్ళు, మంచుకి తడిసిన మోళ్ళు, దూరంగా కొండల మీద ఇంకా విడని మసక. గుర్రం పక్కన నడుచుకుంటూ వెళ్ళి, నడుచుకుంటూ వచ్చాను. పాకలో మూల నుంచి పాత గుర్రం తల తిప్పి మమ్మల్ని చూసింది. ఆ రోజుకదే పని.

మరికొన్నాళ్ళకి గుర్రం తనంతట తనే చిన్నగా పరుగందుకుంది. తాడు నా చేతిలో ఉంది కాబట్టి నేనూ కదలక తప్పలేదు. పెదనాన్న గట్టు మీద వేపపుల్ల నములుతూ నిలబడి చూసేవాడు. అది ఇష్టంగా చెవులు నిక్కబొడుచుకుని కాళ్ళు సాచబోతుందనగా, నా చెవుల్లో గాలి హోరు మొదలవుతుందనగా, గట్టు మీంచి ఒక్క కేక వేసేవాడు, "సాలు, సాలు! ఇంటికి పదండి ఇద్దరూ!" గుర్రం తల విసిరేది, ముందు కాలితో నేల తన్నేది. నాకూ ఒళ్ళు మండేది. ఇంకొక్కసారి పెదనాన్నా అంటే, ఉలవలు నానబెట్టాలి, చెరకు కొట్టేవాళ్ళొస్తారు, మీ పెద్దమ్మ కేకలేస్తుంది అని ఏదో ఒక వంక చెప్పేవాడు. పొద్దున్న పరుగు కొరత తీరక నేను బడికి పరిగెత్తుకుంటూ పోయేదాన్ని.

గుర్రం మొండికేసిన రోజులూ ఉండేవి. అలాంటప్పుడు ఆయన కర్ర పట్టుకోవడం నేను చూడలేదు. పొలం దాకా వచ్చింది కదా, అది సాలు, రేపు చూద్దాం అనేవాడు. నాకు ఒళ్ళు బద్ధకంగా ఉన్న రోజున కూడా ఆ మాటే. చిత్రమేమిటంటే, పొలం దాకా నడిచి వెళ్ళాక ఉత్తినే తిరిగొచ్చిన రోజులు తక్కువ. ఏమీ చెయ్యక్కర్లేదని తెలిశాక ఏదో ఒకటి చెయ్యబుద్ధి పుట్టేది, దానికైనా నాకైనా.

ఒకరోజు పెద్దమ్మ చోడి అంబలి, అంటే రాగి అంబలి, పోస్తూ, "నీ కడుపునొప్పేదే, అగుపడ్డం మానేసింది?" అంది. నేను నిజంగానే కడుపు మీద చెయ్యేసి వెతుక్కున్నాను. లేదు. ఎప్పుడు పోయిందో కూడా తెలీదు. తెల్లారకుండానే నా అంతట నేనే లేచి పాక దగ్గరికి వెళుతున్నానని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ తర్వాత మూడో నాలుగో రోజున, తెల్లవారే వేళకి మా నాన్న సైకిల్ మీద వచ్చేశాడు. పిల్ల ఎంతవరకూ తయారైందో చూడాలని ఆయన ఆరాటం. ఆయన రావడం నేను చూడలేదు. గుర్రం, నేనూ మళ్ళ మీద బాణాల్లా వస్తున్నాం. గట్టు దగ్గరికొచ్చి పెదనాన్న కేకకి ఆగేసరికి పక్కన మా నాన్న నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. అంత సంతోషంగా ఆయన్ని చూసి చాలా రోజులైంది. ఆ సంతోషంలోనే అన్నాడు, "ఇంకో రెండుసార్లు అటూ ఇటూ పరిగెత్తమ్మా."

ఆ మాట వినగానే పోయిందనుకున్న నొప్పి కడుపులో కలుక్కుమంది. మళ్ళీ మొదలు అనుకున్నాను. పెదనాన్న వెంటనే వద్దన్నాడు. ఇది నా కూతురు అన్నాడు నాన్న. ఇది నా పొలం అన్నాడు పెదనాన్న. గట్టు మీద అన్నదమ్ములిద్దరూ గొంతులు పెంచుకున్నారు. టీచరమ్మ చెప్పిందీ, పోటీలూ, ఉద్యోగమూ అన్నీ మా నాన్న ఏకరువు పెట్టాడు. నీకేం తెలుసు, ఒక గుర్రం కాలు విరగ్గొట్టుకుని కూర్చున్నావు అని కూడా అనేశాడు.

పెదనాన్న చేతిలో వేపపుల్ల పారేశాడు. తర్వాత మా నాన్న చెయ్యి పట్టుకుని పాక దగ్గరికి లాక్కుపోయాడు. నేనూ వెనకే వెళ్ళాను. పాత గుర్రం లేచి నిలబడింది. ఆయన వంగి దాని నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటే ఎత్తి మా నాన్నకి చూపించాడు.

"సూడు. ఏ కాలికుందో దెబ్బ, సెప్పు."

మా నాన్న తెల్లబోయాడు. ఎక్కడా ఏమీ లేదు.

"కాల్లో ఏటీ లేదురా. ఊరందరికీ నానే అలగ సెప్పేను. ఆ ఏడు తీర్థానికి ముందురోజు మీ వదిన పుట్టింటోళ్ళొచ్చేరు కాదేటి. ఆళ్ళకి గొప్ప సూపించాలని మిట్టమద్దేనం దీన్ని ఇంకోసారి, ఇంకోసారి అని పరిగెత్తించేను. నోట్లో నురగొచ్చినా ఆపలేదు. పడుకుండిపోయింది. మర్నాడు పందెం గీత కాడ నిలబెడితే ఒక్క అడుగెయ్యలేదు. ఆ దినం మొదలు ఈ దినం వరకూ తాడు సూస్తే సాలు, పడుకుండిపోతంది. డాక్టరొచ్చి సూసి, జబ్బేటీ లేదన్నాడు."

పేకాటలో ఓడినా ఒప్పుకోని మనిషి. ఊరంతటికీ చెప్పిన అబద్ధాన్ని తమ్ముడి ముందు, పన్నెండేళ్ళ పిల్ల ముందు విప్పి పెట్టి, తల వంచుకుని నిలబడ్డాడు. పాత గుర్రం ఆయన భుజం మీద మూతి పెట్టి రుద్దింది. దానికి ఆయన మీద కోపమేమీ లేదు. పరుగు ఒక్కటే దానిలోంచి పోయింది.

"గుర్రం నాది, పోతే పోయింది. ఇది మన గుంటరా" అన్నాడు, నన్ను చూడకుండానే.

మా నాన్న పాక గుంజకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. ఇస్త్రీ ప్యాంటుకి గడ్డీ పేడా అంటుకుంటున్నాయన్న ధ్యాస కూడా లేదు. అక్కడి నుంచే నన్ను దగ్గరికి రమ్మన్నాడు. ఇన్నాళ్ళలో ఎప్పుడూ అడగని మాట అప్పుడడిగాడు. నీకు పరిగెత్తాలనుందా అమ్మా అని. లేదని చెబితే ఇంక ఎప్పటికీ ఆ ఊసెత్తనని కూడా అన్నాడు.

ఉందంటే మళ్ళీ కోడి కుయ్యకముందు బెల్లు. లేదంటే అబద్ధం. ఆఖరికి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఉంది నాన్నా, కానీ ఇవాళ్టికి చాలు అన్నాను.

ఆయన పెద్దగా ఊపిరి వదిలి, "అమ్మయ్య" అన్నాడు. ఆ తర్వాత ఆయన చెప్పింది విని మేమిద్దరం నోళ్ళు వెళ్ళబెట్టాం. ఆ చీకట్లో లేవడం ఆయనకీ నరకంగానే ఉండేదట. ఆఫీసులో ఫైళ్ళ మీద తల వాల్చి నిద్రపోయి పెద్దగుమాస్తా చేత చివాట్లు తిన్నాడట. రాత్రి పడుకునేటప్పుడే రేపు పొద్దున్న తలుచుకుని కడుపులో తిప్పేదట. మరి ఎందుకు మానలేదు అంటే, తను ఒక్కరోజు ఆపితే నేను ఆగిపోతానని భయమట. నాన్నకి కోపమొస్తుందని నేను, నేను ఆగిపోతానని నాన్న, ఇద్దరం ఒకరిని చూసి ఒకరం భయపడి గోవాడ రోడ్డంతా అరగదీశాం. పెదనాన్న ఫక్కున నవ్వాడు. మా నాన్నా నవ్వాడు. నేనయితే నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. మోకాళ్ళ దాకా ఉన్న బురదలోంచి బయటికొచ్చి కాళ్ళు కడుక్కున్నట్టనిపించింది. ఆ పొద్దు ముగ్గురం అంబలి తాగి, నాన్న సైకిల్ మీద నేను బడికి వెళ్ళాను. దారిలో ఆయన నా చేత ఎక్కాలు కూడా అప్పజెప్పించుకోలేదు.

తీర్థం రోజు కొత్త గుర్రం పక్కన ఎవరూ లేకుండానే, రౌతుని వీపున వేసుకుని దూసుకుపోయింది. ఒంటిగా పరిగెత్తదన్నావు కదా అని నేను పెదనాన్నని నిలదీశాను. "అన్నానేటి?" అని మీసం దువ్వుకున్నాడు. అది మూడోదిగా వచ్చింది. మొదటి రెండింటికీ గాలి కలిసొచ్చిందని ఆయన ఊరంతా చెప్పుకున్నాడు. మారిపోయాడని మీరేమైనా అనుకుంటారేమోనని చెబుతున్నాను.

ఆ తర్వాత తాలూకా పోటీల్లో నేను గెలిచాను. విశాఖపట్నంలో జిల్లా పోటీలకి కూడా వెళ్ళాను. అక్కడ నాకన్నా చాలా వేగంగా పరిగెత్తే అమ్మాయిలున్నారు. సీటూ లేదు, ఏమీ లేదు. మా నాన్న తిరుగు బస్సులో నాకు పల్లీలు కొనిపెట్టి, ఆకలేస్తోందా అని మాత్రం అడిగాడు. నేను మామూలుగా చదువుకుని, మామూలుగా టీచరునై, ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పిల్లలు లెక్కల్లో ఊపందుకుని ఇంకోటి ఇవ్వండి టీచర్ అన్నప్పుడు గంట కొట్టకపోయినా పుస్తకం మూసేసేదాన్ని. నా తోటి టీచర్లకి అది వింతగా ఉండేది. మర్నాడు ఆ పిల్లలు నాకన్నా ముందే క్లాసులో కూర్చుని ఉండేవారు.

పరుగు మాత్రం నాతో ఉండిపోయింది. పెళ్ళయ్యాక కొన్నేళ్ళు పెరట్లోనే, పిల్లలు పుట్టాక వాళ్ళ వెనకాల, ఆ తర్వాత తెల్లవారుజామున కాలనీ గ్రౌండులో. ఇప్పుడు దాన్ని పరుగంటే పిల్లలు నవ్వుతారు, నడకకి కాస్త తొందరెక్కువ, అంతే. ఒళ్ళు సహకరించని రోజున గేటు దాకా వెళ్ళి వస్తాను, వచ్చాను కదా, అది చాలు అనుకుంటాను. కొత్తగా మొదలెట్టిన కుర్రాళ్ళు నాలుగు రోజులు రొప్పుతూ రోజుతూ గ్రౌండంతా దున్నేసి, ఐదో రోజు నుంచి కనపడరు. వాళ్ళని పిలిచి చెబుదామనిపిస్తుంది గానీ, అడగని సలహా ఎవరికి కావాలి.

ఇవాళ పొద్దున్న గాలి చల్లగా ఉంది, మోకాళ్ళు నొప్పెట్టలేదు. ఇంకొక్క చుట్టు వెయ్యాలని చాలా అనిపించింది. వెయ్యలేదు. రేపు మళ్ళీ రావాలి కదా.